జర్మనీ ప్రయాణం: తొమ్మిదో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి. ఎవరి చదువును చూసి తేదీ ఖాయం చేసుకోవాలి?

కూకట్‌పల్లి_అమ్మ

మా వారికి మ్యూనిక్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఫిబ్రవరిలో చేరాలి. బ్లూ కార్డు, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి కాబట్టి కుటుంబమంతా ఒకేసారి వెళ్ళవచ్చునట. వీసా సంగతి నాకు బెంగ లేదు, బెంగంతా పిల్లల చదువు గురించే. అమ్మాయి హైదరాబాదులో సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి చదువుతోంది, పద్నాలుగేళ్ళు. అబ్బాయి మూడో తరగతి, ఎనిమిదేళ్ళు. ఇద్దరికీ జర్మన్ అక్షరం ముక్క రాదు. అక్కడి ఇంటర్నేషనల్ స్కూళ్ళ రుసుము విచారిస్తే ఒక్కొక్కరికి ఏడాదికి 20 వేల యూరోల పైమాటే, సంస్థవారు అందులో ఒక్క యూరో కూడా భరించరు. కనుక ప్రభుత్వ బడే గతి. మా అత్తగారేమో అమ్మాయిని తన దగ్గర వదిలి వెళ్ళమనీ, పదో తరగతి పూర్తి చేయించి పంపుతాననీ అంటున్నారు. అందరమూ ఏడాదిన్నర ఆగి, అమ్మాయి పది అయ్యాకే వెళ్దామని నా ఆలోచన. మా వారు ఒంటరిగా ఉండలేనంటున్నారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఇసార్_ఒడ్డు

మ్యూనిక్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, ఇద్దరు పిల్లలనూ ఇక్కడి ప్రభుత్వ బడిలోనే చదివిస్తున్నాను. మీరు అమ్మాయి పదో తరగతిని చూసి తేదీ లెక్కిస్తున్నారు గానీ, మీ ఇంట్లో ఉన్నవి రెండు గడియారాలు. అబ్బాయి గడియారం ఇంకా వేగంగా తిరుగుతోంది.

బవేరియాలో ప్రాథమిక పాఠశాల, అంటే గ్రుండ్‌షూలె, నాలుగో తరగతితో ముగిసిపోతుంది. అక్కడి నుంచి పిల్లలు మూడు దారులుగా విడిపోతారు: విశ్వవిద్యాలయం వైపు నడిపే గిమ్నాజియుం, నడిమి దారి రియాల్‌షూలె, వృత్తి చదువుల వైపు సాగే మిట్టెల్‌షూలె. ఎవరు ఏ దారిన పోవచ్చునో నాలుగో తరగతి మే నెల మొదట్లో ఇచ్చే ధ్రువపత్రం చెబుతుంది. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అనే మూడు సబ్జెక్టుల సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే గిమ్నాజియుం, 2.66 వరకు రియాల్‌షూలె. అందని పిల్లలకు మూడు రోజుల ప్రయోగాత్మక తరగతులు పెట్టి పరీక్షించే అవకాశం కూడా ఉంది. ఒకటో తరగతి నుంచి ఇక్కడ చదవని, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల విషయంలో, లోటు కేవలం భాష వల్ల వచ్చిందనీ అది తీరగలదనీ ఉపాధ్యాయులు భావిస్తే 3.33 వరకు సడలింపు ఇస్తారు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఈ ఏప్రిల్‌లో వస్తే మీ అబ్బాయి ఇక్కడ మూడో తరగతి చివరి మూడు నెలలు కూర్చుని, సెప్టెంబరు మధ్యలో నాలుగులోకి వెళ్తాడు. భాష నేర్చుకోవడానికి ఏడాది చేతిలో ఉంటుంది. బడివారిని అడిగి మూడో తరగతే మళ్ళీ చదివిస్తే రెండేళ్ళు. మీరనుకున్నట్టు ఏడాదిన్నర ఆగి వస్తే అతడు నేరుగా ఆ కూడలిలో దిగుతాడు, నోట మాట లేకుండా.

లెక్కలమాస్టారు

పై టపాలో సగటు 2.33 అన్నది చూసి కంగారు పడకండి. ఇక్కడ 1 అన్నిటికన్నా మంచి మార్కు, 6 అధమం. మా అబ్బాయి మొదటి నెలలో లెక్కల పరీక్షకు 1 తెచ్చుకున్నాడని ఫోనులో చెబితే, విజయవాడలో మా నాన్నగారు వాడికి ట్యూషను పెట్టించమని డబ్బు పంపారు. ఆ డబ్బు నేను తిరిగి పంపలేదన్నది వేరే సంగతి.

వేపచెట్టు

ఇసార్_ఒడ్డు గారు అబ్బాయి పక్షాన వాదించారు, బాగుంది. మరి అమ్మాయి మాటేమిటి? తొమ్మిదేళ్ళు ఒక పద్ధతిలో చదివిన పిల్లను, బోర్డు పరీక్షకు ఒక్క ఏడాది ముందు పెకలించి, తెలియని భాషలో కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. పదో తరగతి ధ్రువపత్రం చేతిలో ఉంటే రేపు ఎక్కడికి వెళ్ళినా ఒక ఆధారం. నానమ్మ దగ్గర ఏడాది ఉంటే కొంపలు మునిగిపోవు. మా తరంలో సగం మందిమి హాస్టళ్ళలో పెరిగినవాళ్ళమే.

కూకట్‌పల్లి_అమ్మ

వేపచెట్టు గారూ, నా మనసులోని మాట మీరే అన్నారు. అయితే అబ్బాయికి ఇలాంటి కూడలి ఉంటుందని నాకు ఇంతవరకు తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి భవిష్యత్తును నాలుగో తరగతిలోనే తేల్చేస్తారా?

ఇసార్_ఒడ్డు

తేల్చెయ్యరు. ఐదో తరగతి ముగిశాక పై దారికి మారే వీలుంది, ఆ తరువాత కూడా తలుపులు ఉన్నాయి. కానీ ఒక్కో తలుపు దగ్గరా పిల్లవాడు అదనంగా కష్టపడాలి. మొదటే సరైన దారిలో పడితే ఆ శ్రమ తప్పుతుంది.

ఆగ్స్‌బుర్గ్_అక్కయ్య

నేను సరిగ్గా పద్నాలుగేళ్ళ పిల్లతోనే వచ్చాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మా అమ్మాయి నెల్లూరులో తొమ్మిది పూర్తి చేసి వచ్చింది. తరగతిలో మొదటి ముగ్గురిలో ఉండేది. ఇక్కడ ఆమెను మిట్టెల్‌షూలెలోని డోయిచ్‌క్లాస్సెలో, అంటే కొత్తగా వచ్చిన పిల్లలకు ముందుగా జర్మన్ నేర్పే తరగతిలో చేర్చారు. గిమ్నాజియుంలో ఎందుకు చేర్చుకోరని నేను పోట్లాడాను. అక్కడ ఆరో తరగతి నుంచే ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచో లాటినో రెండో విదేశీ భాషగా మొదలవుతుందనీ, తొమ్మిదో తరగతిలో జర్మన్ కూడా రాకుండా చేరితే మూడు భాషల బరువు ఒకేసారి మీద పడుతుందనీ సలహాదారు ఓపికగా వివరించారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చిన మాట నిజమే.

మొదటి ఐదు నెలలు అమ్మాయి తరగతిలో నోరు విప్పలేదు. పక్కన ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్ల కూర్చునేది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాష లెక్కలే. ఆ లెక్కల్లోనూ మా అమ్మాయికి మొదటి పరీక్షలో మార్కులు పోయాయి. ఎందుకంటే ఇక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు, భాగహారానికి రెండు చుక్కల గుర్తు వాడతారు. ఆమె 1.250 అన్నది చూసి ఒకటింబావు అనుకుంది. అది ఒకటింబావు కాదు, వెయ్యిన్ని రెండు వందల యాభై అని తెలిసేసరికి గంట కొట్టేశారు.

ఏడాదిన్నరకు మాట వచ్చింది. ఆపైన మిట్టెల్‌షూలెలోనే ఎమ్ విభాగంలోకి మారి, పదో తరగతి చివర రాసే మాధ్యమిక పరీక్ష పాసైంది. ఇంగ్లీషులో 1, లెక్కల్లో 2, జర్మన్‌లో 4. ఆ మూడింటి సగటు 3.5 దాటి దిగజారకపోతే చాలు, ఎఫ్ఓఎస్ అనే పై పాఠశాలలో పదకొండులో చేరవచ్చు. ఇప్పుడు పన్నెండు చదువుతోంది. పదకొండులో సగం కాలం ఒక ప్రయోగశాలలో శిక్షణ పొందింది, తొమ్మిదింటికి తెల్లకోటు వేసుకుని వెళ్ళేది. పదమూడు కూడా చదివితే విశ్వవిద్యాలయంలో చేరే అర్హత వస్తుంది. అందరూ అడిగే గిమ్నాజియుం గుమ్మం ఆమె తొక్కనేలేదు.

ఒక ఏడాది వెనకబడింది, నిజం. కాకపోతే బవేరియాలో గిమ్నాజియుం పిల్లలు కూడా పదమూడేళ్ళు చదివే బడి చివరి పరీక్ష అబిటూర్ రాస్తారు కాబట్టి, ఆ ఏడాది ఇక్కడ ఎవరి కంటికీ ఆనదు. నెల్లూరు వెళ్ళినప్పుడు మాత్రం చుట్టాలందరి కంటికీ ఆనుతుంది.

పరదేశి_పప్పుచారు

ఇంత కష్టం దేనికి? అమ్మాయిని తీసుకువెళ్ళి, బడిలో చేర్చకుండా ఇంట్లోనే చదివిస్తూ, ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూలు ద్వారా పది రాయించవచ్చు కదా. ఆ ఏడాది జర్మన్ కూడా నేర్చుకుంటుంది. గల్ఫ్‌లో మా పక్కింటివారు ఇలాగే చేశారు.

ఇసార్_ఒడ్డు

పప్పుచారు గారూ, ఈ సలహాను ఎవరూ పాటించకుండా వెంటనే రాస్తున్నాను. జర్మనీలో ఇంట్లో చదివించడం చట్టవిరుద్ధం. తప్పనిసరి బడి నియమాన్ని షూల్‌ఫ్లిష్ట్ అంటారు. పిల్లలు బడికి వెళ్ళి తీరాలి, తల్లిదండ్రులు ఎంత చదువుకున్నవారైనా సరే. ఇంటి చదువు కోసం పట్టుబట్టిన ఒక జర్మన్ కుటుంబం యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళినా, 2019లో ఆ తీర్పు కూడా ప్రభుత్వానికి అనుకూలంగానే వచ్చింది.

సెలవుల విషయంలోనూ అంతే పట్టుదల. 2018లో పెంతెకొస్తు సెలవులకు ముందు బవేరియా పోలీసులు మెమ్మింగెన్ విమానాశ్రయంలో నిలబడి, బడి ఎగ్గొట్టించి పిల్లలను విహారయాత్రకు తీసుకుపోతున్న కుటుంబాలను పట్టుకున్నారు. టిక్కెట్టు చవకగా దొరికిందని రెండు రోజులు ముందే బయలుదేరడం ఇక్కడ కుదరదు.

గోదారి_గట్టు

ఈ దెబ్బ నేను తిన్నాను. మా బావమరిది పెళ్ళి ఫిబ్రవరిలో, అమలాపురంలో. మూడు వారాలు సెలవు కావాలని బడికి ఉత్తరం రాస్తే, ప్రధానోపాధ్యాయురాలు పెళ్ళి శుభలేఖ అడిగి, ముహూర్తం తెల్లవారుజామున ఎందుకుందని కూడా విచారించి, నాలుగు రోజులు మంజూరు చేశారు. నా భార్య పిల్లలతో నాలుగు రోజులకే వెళ్ళి వచ్చింది, అప్పగింతల సమయానికి విమానంలో ఉంది. ఆ మాట మా అత్తగారు ఇప్పటికీ గుర్తు చేస్తారు.

పరదేశి_పప్పుచారు

నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. గల్ఫ్ వేరు, జర్మనీ వేరు అని అర్థమైంది.

బెర్లిన్_బందరోడు

ఇక్కడ ఒక్క సంగతి కలపాలి. జర్మనీ అంటే ఒకే చదువు కాదు. పదహారు రాష్ట్రాలకు పదహారు విద్యాశాఖలు. మా బెర్లిన్‌లో ప్రాథమిక పాఠశాల ఆరో తరగతి వరకు ఉంటుంది, పక్కనున్న బ్రాండెన్‌బుర్గ్‌లోనూ అంతే. కనుక ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఇక్కడ మరో రెండేళ్ళ ఊపిరి దొరుకుతుంది. ఆరో తరగతి వరకు మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే. పప్పన్నం పెట్టరు, అది వేరే సంగతి.

లెక్కలమాస్టారు

ఉద్యోగం మ్యూనిక్‌లో వస్తే బెర్లిన్‌లో చేరమనడం, ఒంగోలులో కొలువు దొరికినవాణ్ణి వరంగల్‌లో కాపురం పెట్టమన్నట్టుంది.

బెర్లిన్_బందరోడు

మాస్టారూ, మారమని నేను అనలేదు. ఇంటర్నెట్టులో చదివిన ప్రతి సలహా ఏ రాష్ట్రం గురించో చూసుకోమన్నాను. బెర్లిన్ అనుభవం చదివి మ్యూనిక్ వెళ్ళి బోర్లాపడ్డవారిని నేను ఎరుగుదును.

తిరుగుటపా

ఎవరూ ప్రస్తావించని వైపు గురించి రాస్తాను. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐదేళ్ళు ఉండి, మా నాన్నగారి ఆరోగ్యం వల్ల హైదరాబాదు తిరిగి వచ్చాము. అబ్బాయిని ఎనిమిదిలో చేర్చాము. లెక్కలు, సైన్సు మూడు నెలల్లో సర్దుకున్నాయి. మునిగింది తెలుగులో. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడులు సహా అన్నిటిలోనూ తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. మావాడు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, "ఋ" అన్న అక్షరాన్ని చూసి ఇది తెలుగేనా అని అడిగాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకటో తరగతి వాచకం ముందేసుకుని గుణింతాలు దిద్దాడు.

కాబట్టి వెళ్ళే ముందే భార్యాభర్తలు ఒక మాట అనుకోండి. మూడేళ్ళకు తిరిగి వచ్చే ఆలోచన ఏ మూలనైనా ఉంటే తెలుగు వాచకాలు పెట్టెలో పెట్టుకోండి, వారానికి రెండు గంటలైనా రాయించండి. తిరిగి రాకపోయినా నష్టం లేదు.

వేపచెట్టు

ఆగ్స్‌బుర్గ్_అక్కయ్య గారి టపా చదివాక నా అభిప్రాయం కొంత సడలింది. అయినా ఇంకొక మార్గం ఉంది. అమ్మాయిని నానమ్మ దగ్గర పది కాదు, పన్నెండు దాకా చదివించి, ఆపైన నేరుగా జర్మనీలో డిగ్రీలో చేర్చవచ్చు కదా. ఇంగ్లీషులో చెప్పే కోర్సులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అప్పుడు ఈ డోయిచ్‌క్లాస్సె కష్టం పూర్తిగా తప్పుతుంది.

ఆగ్స్‌బుర్గ్_అక్కయ్య

వేపచెట్టు గారూ, ఆ దారిలో మూడు ముళ్ళున్నాయి.

మన పన్నెండో తరగతి ఒక్కటే ఉంటే జర్మన్ విశ్వవిద్యాలయంలో నేరుగా చేర్చుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించాలి, లేదా మన దేశంలో గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది డిగ్రీ పూర్తి చేసి రావాలి, కాదంటే ఇక్కడ స్టూడియెన్‌కొల్లెగ్ అనే సన్నాహక ఏడాది చదవాలి. అంటే మీరు తప్పించామనుకున్న ఏడాది మరో వేషంలో ఎదురవుతుంది.

ఇక డబ్బు. జర్మనీలో పై చదువు ఉచితమని అందరూ అంటారు. కానీ మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టరు నుంచి ఐరోపా సమాఖ్య బయటి నుంచి కొత్తగా వచ్చే విద్యార్థుల దగ్గర డిగ్రీకి సెమిస్టరుకు 2,000 నుంచి 3,000 యూరోలు తీసుకుంటోంది. ఇక్కడే బడిలో చదివి జర్మన్ అర్హత పొందిన పిల్లలకు, పాస్‌పోర్టు మనదే అయినా, ఆ రుసుము వర్తించదు.

మూడోది వీసా. పదహారు నిండాక విడిగా వచ్చే పిల్లలకు నిబంధనలు వేరు. జర్మన్ ఉన్నత స్థాయిలో రావాలని అడిగే సందర్భాలు ఉన్నాయి. తండ్రి నివాస అనుమతి ఏ రకానిదో చూసి మినహాయింపులూ ఉన్నాయి. ఏదైనా, తల్లిదండ్రులతో కలిసి పదహారుకు ముందే వచ్చిన పిల్లకు ఈ తలనొప్పి ఉండదు.

గోదారి_గట్టు

పదిహేడు టపాలు అయ్యాయి. అమ్మాయి ఏమంటోందో ఎవరూ అడగలేదు.

కూకట్‌పల్లి_అమ్మ

గోదారి_గట్టు గారూ, సిగ్గుగా ఉంది, నేనూ అడగలేదు. మీ మాట చదివి రాత్రి అడిగాను. తనకు వెళ్ళాలనే ఉందట. అక్కడ తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోబెడతారేమో అన్నదొక్కటే భయమట. ఇంకొకటి కూడా చెప్పింది. తొమ్మిది వార్షిక పరీక్షలు తన స్నేహితురాళ్ళతోనే రాస్తానంది, మధ్యలో పారిపోయినట్టు వెళ్ళనంది. నానమ్మ దగ్గర ఉండే మాట ఎత్తితే, "తమ్ముణ్ణి తీసుకెళ్ళి నన్ను వదిలేస్తారా" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది. దాంతో ఆ చర్చ మా ఇంట్లో ముగిసిపోయింది.

వేపచెట్టు

అయితే నా వాదన కూడా ముగిసిపోయింది. పిల్ల అంత స్పష్టంగా చెప్పాక మనం అనడానికేముంది.

ఆగ్స్‌బుర్గ్_అక్కయ్య

వయసు గురించి ఆమెకు ధైర్యం చెప్పండి. డోయిచ్‌క్లాస్సెలో ఒకే గదిలో రెండు మూడేళ్ళ తేడా ఉన్న పిల్లలు కూర్చుంటారు. మా అమ్మాయి తరగతిలో సిరియా నుంచి వచ్చిన ఒకబ్బాయికి అప్పటికే మీసాలు వచ్చాయి.

ఇప్పటి నుంచి మార్చి వరకు ఆమెను హైదరాబాదులో జర్మన్ నేర్పే గోథె జెంట్రుంలో చేర్చండి. మొదటి మెట్టు ఎ1 పూర్తి చేసి వస్తే చాలు. భాష వచ్చేస్తుందని కాదు, మొదటి రోజు తన పేరు తాను చెప్పుకోగలిగితే ఆ ఐదు నెలల మౌనం రెండు నెలలకు తగ్గుతుంది. అబ్బాయికి ఏమీ వద్దు, ఆడుకోనివ్వండి.

ఇసార్_ఒడ్డు

ఇక పనుల సంగతి. మీ వారు ముందు వచ్చి ఇల్లు వెతకడం మంచిది. ప్రాథమిక బడి మీ చిరునామాను బట్టే కేటాయిస్తారు, మనం ఎంచుకునేది కాదు. మ్యూనిక్‌లో అద్దె ఇల్లు దొరకడం బడి సీటుకన్నా కష్టం. అందుకే నెల రోజుల తాత్కాలిక వసతిలో పిల్లలను చేర్చి, ఇల్లు మారాక మళ్ళీ బడి మార్చే అవస్థ పడకండి.

పిల్లల జనన ధ్రువపత్రాలు, గత రెండేళ్ళ మార్కుల పత్రాలు, బదిలీ పత్రం తెచ్చుకోండి. అనువాదం అడిగితే ఇక్కడ న్యాయస్థానం గుర్తించిన అనువాదకులే చేయాలి, అమీర్‌పేటలో చేయించినది తిప్పి పంపుతారు. టీకాల కార్డు మాత్రం పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి. 2020 మార్చి నుంచి తట్టు టీకా రెండు మోతాదులూ వేసినట్టు రుజువు చూపనిదే బడి ఊరుకోదు. మా చిన్నవాడి కార్డులో రెండో మోతాదు దగ్గర సిరా చెదిరిపోయి, రక్తపరీక్ష చేయించి నిరూపించుకోవలసి వచ్చింది.

బడి మధ్యాహ్నం ఒంటిగంట లోపే వదిలిపెడతారు. మీరు కూడా ఉద్యోగం చూసుకునేట్లయితే, బడి తరువాత పిల్లలను చూసుకునే హోర్ట్‌కు చిరునామా చేతికి వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. చోటు దొరకడం కష్టం. పిల్లల భత్యం కిండర్‌గెల్డ్‌కు కూడా అప్పుడే దరఖాస్తు చేయండి, 2026 జనవరి నుంచి నెలకు ఒక్కొక్కరికి 259 యూరోలు.

లెక్కలమాస్టారు

నాలుగో తరగతిలో పోలీసులు వచ్చి సైకిలు పరీక్ష పెడతారని కూడా చెప్పండి. చెయ్యి చాపి మలుపు తిరగడం, కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వడం అన్నీ చూస్తారు. కూకట్‌పల్లి అలవాట్లతో వస్తే తప్పడం ఖాయం. నేను ఆ ప్రశ్నపత్రం ఇంట్లో రాసి చూశాను, ముప్ఫై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాణ్ణి, తప్పాను.

తిరుగుటపా

బడిసంచి అక్కడే కొనండి, ఇక్కడి నుంచి మోసుకెళ్ళకండి. 200 యూరోలు దాటిన ధర చూసి గుండె గుభేల్మంటుంది గానీ, పాత సామాను అమ్మే సంతల్లో సగం ధరకు దొరుకుతుంది. మేము కొన్న సంచి ముగ్గురు పిల్లలు మారింది.

కూకట్‌పల్లి_అమ్మ

మేము ఇలా అనుకున్నాము. మా వారు ఫిబ్రవరిలో వెళ్ళి ఇల్లు చూస్తారు. అమ్మాయి మార్చిలో పరీక్షలు రాస్తుంది, ఏప్రిల్‌లో మేము ముగ్గురమూ వెళ్తాము. అబ్బాయిని సెప్టెంబరులో మూడో తరగతే మళ్ళీ చదివించమని బడివారిని అడుగుతాము. అమ్మాయి సోమవారం నుంచి జర్మన్ తరగతులకు వెళ్తోంది. మా అత్తగారు అలిగారు, కానీ నిన్న తెలుగు పెద్ద బాలశిక్ష ఒకటి కొని తెచ్చి అబ్బాయి పెట్టెలో పెట్టారు. చివరిగా ఒక ప్రశ్న. బడివారి సామాను జాబితా ఒకటి మా వారికి ఎవరో పంపారు. అందులో ఇంట్లో వేసుకునే చెప్పులు అని ఉంది. అది పొరపాటా?

ఇసార్_ఒడ్డు

పొరపాటు కాదు. తరగతి గది బయట బూట్లు విప్పి, లోపల మెత్తటి చెప్పులు వేసుకుంటారు. ఒక సైజు పెద్దవి కొనండి, పేరు రాయడం మరచిపోకండి. నోటు పుస్తకాలకు ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు అట్ట కూడా అడుగుతారు, మా బడిలో జర్మన్‌కు ఎరుపు, లెక్కలకు నీలం. జాబితాలో ఉన్న రంగే కొనండి.